చిన్న బ్రూవరీయా, పెద్ద బ్రూవరీయా? ఉద్యోగం ఎంచుకునే ముందు తెలుసుకోవాల్సిన తేడాలు

హైదరాబాద్‌లో బీరు తయారీని వృత్తిగా ఎంచుకోవాలనుకునేవారి ముందు రెండు దారులున్నాయి. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి రెస్టారెంట్లలో అద్దాల గోడ వెనక మెరిసే స్టీలు ట్యాంకులు ఒకటి. ముంబయి రహదారి మీదుగా సంగారెడ్డి జిల్లాలోకి వెళ్తే కనిపించే భారీ కర్మాగారాలు రెండోది. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లా రణస్థలం ప్రాంతంలోనూ అలాంటి పెద్ద ప్లాంటు ఉంది. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ టెక్నాలజీ, కెమికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఈ రెండింటిలో ఏది మేలని అడుగుతుంటారు. అడిగేటప్పటికే చాలామంది మనసులో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: చిన్నచోట కళ, పెద్దచోట యంత్రం. ఆ అభిప్రాయంతో చేరినవాళ్లకు రెండు చోట్లా నిరాశే ఎదురవుతుంది.

అసలు తేడా మరోచోట ఉందని నా నమ్మకం. పెద్ద ప్లాంటులో పనితనం కొలతల్లో, రికార్డుల్లో, పద్ధతుల్లో నిలిచి ఉంటుంది. రాత్రి షిఫ్ట్ వాళ్లు వెళ్లి పొద్దుటి షిఫ్ట్ వాళ్లు వచ్చినా, ప్లాంటు మేనేజరు మారినా, సీసాలో బీరు మారదు. చిన్న బ్రూవరీలో ఆ పనితనం ఒకరిద్దరి చేతుల్లో, ముక్కులో, జ్ఞాపకంలో ఉంటుంది. వాళ్లు మానేస్తే బీరూ మారిపోతుంది. మీరు ఏ వాతావరణంలో బాగా నేర్చుకోగలరు, ఎలాంటి బాధ్యత మోయగలరు అన్నదాన్ని బట్టి ఈ ఎంపిక జరగాలి.

మూలం ఒకటే

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలితో ఆరబెడితే మాల్ట్ అవుతుంది. దాన్ని మరపట్టి 62 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే (ఈ మిశ్రమమే మాష్), గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. వడకట్టగా వచ్చిన తియ్యటి ద్రవాన్ని వోర్ట్ అంటారు. దానికి చేదు, సువాసన ఇచ్చే హాప్స్ పూలు వేసి గంట, గంటన్నర మరిగించి, చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. 15 నుంచి 24 డిగ్రీల మధ్య పులిస్తే ఏల్ రకాలు, 8 నుంచి 14 డిగ్రీల చల్లదనంలో నిదానంగా పులిస్తే లాగర్ రకాలు వస్తాయి. ఇంతవరకు చిన్నా పెద్దా తేడా లేదు.

పరిమాణం పెరిగేకొద్దీ తేడాలు మొదలవుతాయి. చిన్న బ్రూవరీలో, అంటే మైక్రోబ్రూవరీలో, ఒక విడతకు సాధారణంగా 500 నుంచి 2000 లీటర్లు కాస్తారు. పెద్ద ప్లాంటులో పులియబెట్టే ఒక్కో ట్యాంకు (ఫెర్మెంటర్) లక్షల లీటర్లు పడుతుంది. అంత పెద్ద ట్యాంకును సగం బలం ఉన్న బీరుతో నింపడం దండగ కాబట్టి చిక్కటి వోర్ట్‌ను పులియబెట్టి, చివర్లో ఆక్సిజన్ తీసేసిన నీళ్లు కలిపి అనుకున్న బలానికి తెస్తారు. ఆ తర్వాత డయాటమ్ మట్టితో, అంటే సూక్ష్మ నాచుజీవుల పెంకుల పొడితో, వడపోస్తారు. నింపి మూతవేసిన సీసాలను 60 డిగ్రీల వేడినీటి జల్లుల కింద నడిపించి పాశ్చరైజ్ చేస్తారు. అందుకే ఆ సీసా గోదాములో, లారీలో, దుకాణంలో నెలల తరబడి తట్టుకుంటుంది. చిన్నచోట వడపోత, పాశ్చరైజేషన్ రెండూ దాదాపు ఉండవు. తాజాదనం అక్కడి నుంచే వస్తుంది, త్వరగా పాడయ్యే గుణమూ అక్కడి నుంచే వస్తుంది.

పెద్ద కంపెనీలు బియ్యం, మొక్కజొన్న, చక్కెర కలుపుతాయి కాబట్టి అది కల్తీ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ మాటతో నేను ఏకీభవించను. 19వ శతాబ్దంలో అమెరికా వెళ్లిన జర్మన్ బ్రూవర్లకు అక్కడ దొరికిన ఆరు వరుసల బార్లీలో మాంసకృత్తులు ఎక్కువ. బీరు మసకబారేది. దాన్ని తేలికపరచడానికి మొక్కజొన్న, బియ్యం వాడటం మొదలుపెట్టారు. ఖర్చు తగ్గడం తర్వాతి కాలంలో పెద్ద కారణమైంది, నిజమే. అయితే బియ్యంతో శుభ్రమైన తేలికపాటి లాగర్ చేయడానికి చాలా నేర్పు కావాలి, అందులో తప్పును దాచుకోవడానికి ఏ ఘాటూ ఉండదు. బవేరియాలో 1516లో వచ్చిన శాసనం బార్లీ, హాప్స్, నీళ్లు మాత్రమే వాడాలంది. మన మైక్రోబ్రూవరీల్లో అందరూ ఇష్టపడే గోధుమ బీరు కూడా ఆ లెక్కన పనికిరానిదే. దినుసుల జాబితా చూసి ఏ బీరు మంచిదో తేల్చలేం.

రోజంతా ఏం చేస్తారు?

చేరాలనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మైక్రోబ్రూవరీలో పొద్దున్నే మాల్ట్ బస్తాలు ఎత్తి మరలో పోయడంతో పని మొదలవుతుంది. ఒక్కో బస్తా 25 కిలోలు. పిండి దుమ్ము గొంతులోకి పోకుండా ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. మాష్ కలిపాక ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే బీరు మరీ పల్చగానో, మరీ చిక్కగానో వస్తుంది. మరిగే దశలో నురగ పొంగి పైకి వస్తుంది, అక్కడే నిలబడాలి. వోర్ట్ దిగిపోయాక మిగిలిన వేడి పిప్పిని పారతో బయటికి లాగడం ఒళ్లు వంచి చేసే పని. ఆ పిప్పిని పాడి రైతులు గేదెలకు దాణాగా తీసుకెళ్తారు. వాళ్లు రావడం ఒక పూట ఆలస్యమైనా హైదరాబాద్ ఎండకు అది పులిసి కంపుకొడుతుంది.

మిగిలిన సమయమంతా కడగడమే. వేడి కాస్టిక్ సోడా ద్రావణం తిప్పాలి, నీళ్లతో కడగాలి, యాసిడ్ తిప్పాలి, మళ్లీ కడగాలి, చివర్లో పెరాసిటిక్ యాసిడ్‌తో క్రిములు లేకుండా చేయాలి. ట్యాంకు, గొట్టం, కవాటం, రబ్బరు వాషరు, ఏదీ వదలకూడదు. బ్రూవరు ఉద్యోగంలో సగానికి పైగా పారిశుద్ధ్యమే అని ఈ పనిలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. కొత్త వంటకాలు రాసుకునే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాయంత్రం పూట యజమాని తీసుకొచ్చిన అతిథులకు ట్యాంకులు చూపించి నాలుగు మాటలు చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే.

పెద్ద ప్లాంటులో బరువులు తక్కువ. మాల్ట్ సైలో అనే పెద్ద నిల్వ గోపురం నుంచి దానంతటదే వస్తుంది. కంట్రోల్ గదిలో తెరల మీద కవాటాలు, పంపులు, ఉష్ణోగ్రతలు కనిపిస్తుంటాయి. షిఫ్ట్ మారేటప్పుడు రిజిస్టరు చదివి సంతకం చేసి బాధ్యత తీసుకోవాలి. వోర్ట్ కాచే బ్రూహౌస్‌లో చేరినవాళ్లు బ్రూహౌస్‌లోనే, ఫిల్టర్ విభాగంలో చేరినవాళ్లు అక్కడే కొన్నేళ్లు ఉంటారు. ప్యాకేజింగ్ విభాగం అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా రొదైనది. తిరిగొచ్చిన సీసాలను కాస్టిక్‌లో కడిగే యంత్రం, నింపే యంత్రం, మూతలు, లేబుళ్లు, అన్నీ గంటకు వేల సీసాల వేగంతో నడుస్తాయి. అక్కడ పది నిమిషాలు లైను ఆగితే ఎందుకు ఆగిందో కాగితం మీద రాయాలి. కొందరికి ఆ క్రమశిక్షణ ఊపిరాడనివ్వదు. మరికొందరికి అదే పెద్ద బడి.

ల్యాబ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈస్ట్ పని ముగించకముందే బీరును చల్లబరిస్తే డయాసిటైల్ అనే పదార్థం మిగిలిపోయి వెన్న వాసన వస్తుంది. దాన్ని ముందే పట్టుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. ట్యాంకు నుంచి తీసిన నమూనాను రెండు గ్లాసుల్లో పోసి, రెండింటికీ మూతపెట్టాలి. ఒకదాన్ని చల్లగా ఉంచి, రెండోదాన్ని 60 డిగ్రీల వేడినీళ్లలో అరగంటకు పైగా ఉంచాలి. తర్వాత దాన్ని చల్లార్చి, మూత తీసి రెండూ వాసన చూడాలి. చల్లగా ఉంచిన గ్లాసులో ఏమీ తెలియకపోయినా వేడిచేసిన గ్లాసులో సినిమా హాలు పాప్‌కార్న్ వాసన గుప్పుమంటే, ఆ ట్యాంకును ఇంకా చల్లబరచకూడదు. పెద్ద ప్లాంటులో ఇదే పనిని వాసన పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ యంత్రం అంకెల్లో చెబుతుంది. చిన్నచోట రెండు గ్లాసులు, ఒక ముక్కు చాలు. రెండూ తెలిసినవాడికి ఏ బ్రూవరీలోనైనా గౌరవం ఉంటుంది.

పెద్ద పరిశ్రమను తక్కువగా చూడొద్దు

కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ ల్యాబ్‌లో 1883లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచే పద్ధతి కనిపెట్టాడు. అంతకుముందు ఏ విడత పుల్లగా మారుతుందో, ఏది బాగుంటుందో చెప్పలేని పరిస్థితి. అదే ల్యాబ్‌లో 1909లో సోరెన్‌సెన్ ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ స్కేలును ప్రతిపాదించాడు. డబ్లిన్‌లో గిన్నెస్ బ్రూవరీ ఉద్యోగి విలియం గోసెట్ కొద్దిపాటి నమూనాలతో నమ్మదగిన నిర్ణయం ఎలా తీసుకోవాలో ఆలోచించి, 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ప్రచురించిన పద్ధతిని ఇవాళ మన డిగ్రీ విద్యార్థులంతా టీ-టెస్ట్‌గా చదువుతున్నారు. ఇవన్నీ పెద్ద బ్రూవరీల జీతాల మీద జరిగిన పనులు. ఈ రోజు మైక్రోబ్రూవరీలో ప్యాకెట్ చించి వేసే ఎండు ఈస్ట్ కూడా హాన్సెన్ చూపిన దారిలో వచ్చిందే.

మరోవైపు, పెద్ద కంపెనీలు ఒకే రకం లేత లాగర్ వెంట పడి మిగతా రకాలను వదిలేసిన కాలంలో వాటిని బతికించింది చిన్నవాళ్లు. 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడబోతున్న యాంకర్ బ్రూవరీని కొన్నాడు. 1976లో జాక్ మెకాలిఫ్ కాలిఫోర్నియాలో న్యూ ఆల్బియన్ మొదలుపెట్టాడు. కొన్నేళ్లకే అది మూతపడింది. ఆ తర్వాత 1980లో మొదలైన సియెరా నెవాడా మాత్రం బాగా పెరిగింది. అక్కడి బ్రూవర్ల సంఘం ఏటా 60 లక్షల బ్యారెళ్లలోపు తయారుచేసేవాళ్లను చిన్నవాళ్లుగానే లెక్కిస్తుంది. మన కొలతలో అది 70 కోట్ల లీటర్లు. అంటే అమెరికాలో ‘క్రాఫ్ట్’ అని పేరున్న కొన్ని ప్లాంట్లు మన పెద్ద కర్మాగారాల కంటే పెద్దవి. విదేశాల్లో ఉద్యోగం వెతుక్కునే తెలుగువాళ్లు బోర్డు మీది పేరు చూసి మోసపోకుండా, బ్రూహౌస్ పరిమాణం ఎంతో, ఎంతమంది పనిచేస్తున్నారో అడగాలి.

ప్రమాదాలు

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. వెయ్యి లీటర్ల మామూలు బీరు పులిసేటప్పుడు సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అది గాలికన్నా బరువు, ట్యాంకుల అడుగున, నేలమాళిగల్లో పేరుకుంటుంది. ఖాళీ అయిన ట్యాంకులోకి తలపెట్టి చూడటం కూడా ప్రాణాంతకం కావచ్చు. ఒకరు పడిపోతే కాపాడబోయి రెండోవారు దిగడం ఈ రకం ప్రమాదాల్లో పదేపదే జరిగేదే. పెద్ద ప్లాంటులో లిఖితపూర్వక అనుమతి, గ్యాస్ మీటరు, బయట కాపలా మనిషి లేకుండా ఎవరూ ట్యాంకులోకి దిగరు. చిన్నచోట ఇవన్నీ యజమాని శ్రద్ధ మీద ఆధారపడతాయి. రెస్టారెంటు నేలమాళిగలో ట్యాంకులు పెట్టి గాలి బయటికి పోయే ఏర్పాటు లేకపోతే, అక్కడ చేరవద్దు.

కాస్టిక్ కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లద్దాలు, చేతితొడుగులు, రబ్బరు బూట్లు మీ డబ్బుతో కొనుక్కోమనే చోట మిగతా విషయాలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. మరో సంగతి కూడా ఉంది. రుచి చూడటం ఉద్యోగంలో భాగమైన చోట తాగుడు అలవాటు తెలియకుండానే పెరుగుతుంది. పెద్ద కంపెనీల్లో రుచి చూసే బృందానికి వేళ, కొలత ఉంటాయి. చిన్నచోట ఆ గీత మీరే గీసుకోవాలి. ఇంట్లో మద్యం సమస్య ఉన్నవాళ్లు, మద్యానికి దూరంగా ఉండాలనుకునేవాళ్లు ఈ వృత్తిని ఎంచుకునే ముందు మరింత ఆలోచించాలి.

స్థిరత్వం, చట్టం, డబ్బు

తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు 2015లో నిబంధనలు వచ్చాయి. ఆ బీరు ప్రధానంగా తయారైన చోటే అమ్ముడవుతుంది. అంటే మీ ఉద్యోగం ఒక రెస్టారెంటు బాగోగులతో ముడిపడి ఉంటుంది. వంటగది బాగాలేక జనం రాకపోయినా, అద్దె పెరిగినా, లైసెన్సు ఆలస్యమైనా మీ ట్యాంకులు ఖాళీగా ఉంటాయి. మీ బీరు ఎంత బాగున్నా మీరు చేయగలిగిందేమీ ఉండదు.

పెద్ద ప్లాంటులో జీతం, భవిష్యనిధి, ఆరోగ్య బీమా, పదోన్నతుల వరుస తేటగా ఉంటాయి. అయినా అక్కడా ఒడుదొడుకులు లేకపోలేదు. తెలంగాణలో సీసా బీరంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ కొని దుకాణాలకు ఇస్తుంది, ధరా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ ధరల సవరణ లేదని, బకాయిలు పేరుకున్నాయని చెబుతూ తెలంగాణకు సరఫరా ఆపుతున్నట్టు ప్రకటించింది. తర్వాత సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో ప్రభుత్వం ధరలను 15 శాతం పెంచింది. కొనేది ఒక్కరే అయినప్పుడు ఎంత పెద్ద కంపెనీకైనా ఇలాంటి చిక్కు తప్పదు. మూడు షిఫ్టుల పని నిద్రను, కుటుంబ జీవితాన్ని ఎలా దెబ్బతీస్తుందో కూడా లెక్కలో వేసుకోవాలి.

ఎదుగుదల విషయంలో పెద్ద ప్లాంటుకు ఒక అదనపు బలం ఉంది. నియంత్రిత పరిస్థితుల్లో ఈస్ట్‌ను పెంచడం, ట్యాంకు శుభ్రతను రుజువు చేయడం, ప్రతి అడుగునూ రికార్డు చేయడం నేర్చుకున్నవాళ్లకు ఔషధ రంగం తలుపులు తెరిచి ఉంటాయి. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్ బి టీకా ఈస్ట్ కణాల సాయంతో తయారైందే. బయోకాన్ వ్యవస్థాపకురాలు కిరణ్ మజుందార్ షా ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లో బ్రూయింగ్ చదివి వచ్చారు. ఆమె తండ్రి యునైటెడ్ బ్రూవరీస్‌లో ప్రధాన బ్రూమాస్టర్, అంటే బీరు తయారీకి పెద్ద. అయినా ఆడపిల్లకు బ్రూవరీ బాధ్యత అప్పగించడానికి ఇక్కడి పరిశ్రమ ముందుకు రాలేదు. 1978లో ఆమె ఎంజైముల తయారీతో బయోకాన్ మొదలుపెట్టారు. పరిశ్రమ వదులుకున్న ప్రతిభ అది. ఇప్పుడు బ్రూవరీల్లో మహిళలు పనిచేస్తున్నారు. రాత్రి రవాణా, దుస్తులు మార్చుకునే గది, ల్యాబ్‌కే పరిమితం చేస్తారా లేక ఉత్పత్తిలోనూ అవకాశమిస్తారా అన్నవి చేరే ముందే అడిగి తెలుసుకోవాలి.

చదువు సంగతి క్లుప్తంగా. లండన్ కేంద్రంగా ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిలింగ్ పరీక్షలను ఉద్యోగం చేస్తూనే రాయొచ్చు. పెద్ద కంపెనీలు వాటికి విలువ ఇస్తాయి. పుణె దగ్గర వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో మద్యం సాంకేతికతలో కోర్సు ఉంది. విదేశాలకు వెళ్లగలిగితే ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయం, బెర్లిన్‌లోని వీఎల్‌బీ బ్రూయింగ్ సంస్థ పేరున్నవి. కొద్ది రోజుల కోర్సుకు లక్షలు పోసి వెంటనే బ్రూమాస్టర్ అయిపోవచ్చనే ప్రకటనలను నమ్మకండి.

ఎవరు ఎటు?

చదువు పూర్తిచేసి మొదటి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకు నా సలహా పెద్ద ప్లాంటే. రెండు మూడేళ్లు అక్కడ ఉంటే కొలవడం, రాసిపెట్టడం, ప్రమాదం లేకుండా పనిచేయడం ఒంటబడతాయి. ఆ అలవాట్లతో చిన్నచోటికి వెళ్లినవాళ్లు త్వరగా రాణిస్తారు. చిన్నచోట మొదలుపెట్టి, కొలతల అలవాటు లేకుండా పెద్దచోటికి మారడం కష్టం. దీనికి ఒక మినహాయింపు ఉంది: మైక్రోబ్రూవరీలో అనుభవమున్న మంచి బ్రూమాస్టర్ దగ్గర సహాయకుడిగా చేరే అవకాశం దొరికితే వదులుకోవద్దు. మాల్ట్ నుంచి గ్లాసు వరకు మొత్తం పని కళ్ల ముందు జరిగే చోటు మరొకటి లేదు. గోధుమ బీరులో అరటిపండు వాసన, లవంగం వాసన ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎలా పెరుగుతాయో పెద్ద ప్లాంటులో పదేళ్లున్నా తెలియకపోవచ్చు. ఇక్కడ కొన్ని విడతల్లోనే తెలుస్తుంది. యంత్రాలంటే ఇష్టమున్న మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకు మాత్రం పెద్ద ప్లాంటు ప్యాకేజింగ్ విభాగానికి మించింది లేదు.

సొంతంగా మైక్రోబ్రూవరీ పెట్టాలనుకునేవాళ్లు కనీసం ఒక వేసవి మొత్తం ఇంకొకరి దగ్గర పనిచేసి చూడాలి. చిల్లర్ మొరాయిస్తే, బోరు నీటి కాఠిన్యం మారితే, కరెంటు పోతే ఎంత నష్టమో అప్పుడే అర్థమవుతుంది. నీళ్ల ఖర్చు కూడా ముందే వేసుకోవాలి. బాగా నడిచే పెద్ద ప్లాంటు లీటరు బీరుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లతో సరిపెడుతుంది. చిన్నచోట అది ఆరేడు లీటర్లు దాటడం మామూలే.

కొని తాగేవాళ్లకు ఒక్క మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైన వయసు 21. సీసా కొంటే తయారీ తేదీ చూడండి, గోధుమ రంగు సీసా వెలుతురును బాగా ఆపుతుంది. మైక్రోబ్రూవరీలో గోధుమ బీరు ఎంత తాజాగా ఉంటే అంత మంచిది. లాగర్ అడిగితే ఎన్ని వారాలు ట్యాంకులో ఉంచారో అడగండి. వెన్న వాసన వస్తే తొందరపడి దించారన్నమాట.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, చిన్నచోటైనా పెద్దచోటైనా, ప్లాంటు చూపించమని అడగండి. కాలువల్లో వాసన చూడండి, గొట్టాలు నేల మీద పడేసి ఉన్నాయో, కొక్కేలకు వేలాడుతున్నాయో గమనించండి. పోయిన నెల విడతల రిజిస్టరు ఒకసారి చూడొచ్చా అని అడగండి. పారబోసిన విడత వివరాలు కూడా అందులో రాసి ఉంటే అక్కడ నేర్చుకోవచ్చు. ట్యాంకులోకి దిగే ముందు వాడే గ్యాస్ మీటరు ఎక్కడుందో, ఆఖరిసారి ఎప్పుడు సరిచూశారో అడగండి. మీటరే లేదంటే జీతం ఎంత చెప్పినా ఒప్పుకోవద్దు.